దూదిలో చుట్టిన లేత్ మిషన్

ఇవాళ పొద్దున మా ఎమ్మిగనూరు వీధిలోకి పరుపులు ఏకే ఆటో వచ్చింది. పైన మైకు, వెనక దూది ఏకే మిషన్, దుమ్ముకు మూతికి తువ్వాలు కట్టుకున్న మనిషి. పెళ్ళప్పుడు మా అమ్మ ఇచ్చిన పరుపు ఒకటి రాయిలా గట్టిపడి అటక మీద పడి ఉంటే దింపించాను. "దానికి నీకంటే వయసెక్కువ, పడుకోనీవే పాపం" అని మా ఆయన పేపరు చాటునుంచే ఎగతాళి చేశారు. ఆ మనిషి గలీబు చీల్చి దూది బయటికి లాగుతుంటే లోపల్నుంచి ఒక దబ్బనం బయటపడింది. కుట్టినప్పుడు ఎవరు మర్చిపోయారో ఏమో. దాని చుట్టూ ఉన్న దూదంతా టీ ఒలికినట్టు ఎర్రబడి ఉంది. దబ్బనాన్ని చేతిలోకి తీసుకుంటే తుప్పు పొట్టు పొట్టుగా రాలింది. "దూదిలో తడి ఉండనే ఉంటాది కదమ్మా, ఇనుమును తినకుండా ఊరుకుంటాదా" అన్నాడు అతను, తన పని తాను చేసుకుంటూ. మా ఆయన పేపరు దించి నా వైపు చూశారు. లేచి వెనక గదిలోకి వెళ్ళారు. కాసేపటికి నూనె డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చిందని నాకు తెలుసు.

గుర్తొచ్చింది మా చిన్నాయన. మా నాయనకు తమ్ముడు. ఆదోనిలో పత్తి కమీషన్ కొట్టు ఆయనది. ఆలూరు వైపు నుంచి, పత్తికొండ వైపు నుంచి రైతులు తెచ్చిన పత్తి ఆ కొట్టు ముందు దిగేది. చిన్నాయన మాటల మనిషి కాదు, చేతి మనిషి. బోరెంలోకి, ఆ పెద్ద పత్తి గోనెలోకి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే ఉండేవాడు. చూసేవాళ్ళకు ఆయన లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడేమో అనిపించేది. తర్వాత చెయ్యి బయటికి తీసి, "అడుగున నీళ్ళు సల్లినావు గదప్పా" అనేవాడు, కోపం లేకుండా. రైతు తల గోక్కునేవాడు. తూకం పెరగాలని పత్తి మీద నీళ్ళు చల్లడం ఈ ప్రాంతంలో కొత్త సంగతేం కాదు. అది కనిపెట్టడం చిన్నాయనకు కొత్తా కాదు. తర్వాత్తర్వాత తడి కొలిచే మీటర్లు వచ్చాయి. పత్తిలో సూది గుచ్చితే అంకె చూపిస్తుంది. మీటరు చూపించక ముందే చిన్నాయన అంకె చెప్పేవాడు, చాలాసార్లు అదే వచ్చేది. ఆయనకున్న గర్వమల్లా అదొక్కటే. ఆ చెయ్యి మా ఇంట్లో పెద్ద సామెతలా ఉండేది. పిల్లలకు జ్వరమొస్తే కూడా, "చిన్నాయనను పిలవండి, చెయ్యి పెట్టి చెప్తాడు" అనుకునేవాళ్ళం.

ఆయనకు ఒక్కడే కొడుకు. నాకు తమ్ముడు. కొట్లో తండ్రి పక్కన గద్దె మీద కూర్చునేవాడు గానీ, వాడి మనసంతా ఇనుము మీదే. మా తాతకు ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు ఉండేది. అది మూతబడి, మిషన్లు తుక్కు కింద తూకానికి పోయిన రోజు వీడు చిన్నపిల్లాడు. లారీ వెనకాల వీధి చివరి దాకా పరిగెత్తాడని మా అమ్మ చెప్పేది. ఆ మిషన్ మళ్ళీ చెయ్యాలని వాడి కోరిక. నిజం మిల్లు కాదు, అరచేతిలో పట్టేంత బొమ్మ మిల్లు. "ఊరికే తిరిగే బొమ్మ కాదక్కా, ఒక్క పత్తికాయ ఏస్తే గింజ ఒక పక్క, దూది ఒక పక్క పడాల" అనేవాడు. అందులో తిరిగే సన్న రోలర్లు తనే చేసుకోవడానికి ఒక లేత్ మిషన్ కావాలి. కార్ఖానాల్లో ఉండేది కాదు, ఇంట్లో బల్ల మీద పెట్టుకునేంత చిన్నది. ఇనుప కడ్డీని బిగించి గిరగిర తిప్పుతూ, పక్కనుంచి టూల్‌తో చెక్కుకుంటూ పోయే మిషన్. "మనం పత్తోళ్ళం, మనకీ ఇనుమేందిరా" అని చిన్నాయన విసుక్కునేవాడు గానీ, కొట్టుకు వచ్చినవాళ్ళతో మాత్రం, "మావాడు మిల్లు పెడతాండాడు, జేబులో పెట్టుకోని తిరగొచ్చంట" అని చెప్పి నవ్వేవాడు.

వాడికి మూత్రపిండాలు పాడైన సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కర్నూలు ఆసుపత్రిలో చూసేసరికి రెండూ ఎండిపోయి ఉన్నాయి. అప్పటినుంచి వారం వారం రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఆదోని నుంచి కర్నూలుకు కారు ప్రయాణం. ఒంట్లో కొంచెం బాగున్న ఒకరోజు ఆ ఆసుపత్రి మంచం మీద పడుకునే, సెల్‌ఫోన్లో లేత్ మిషన్ ఆర్డరు పెట్టాడు. నాకు ఫోన్ చేసి చెప్పాడు కూడా. "బావను రమ్మను అక్కా, అది వచ్చినప్పుడు. బిగించడానికి ఆయన ఉండాల" అన్నాడు. మా ఆయన ఎమ్మిగనూరులో ఒక ఐటీఐలో టర్నర్ పని నేర్పి రిటైరయ్యారు. అయ్యాక కూడా నేర్పడం మానలేదు, ఇంట్లో నాకే నేర్పుతుంటారు. ఎండాకాలం చివర్లో తమ్ముడు పోయాడు. మిషన్ ఇంకా రాలేదు.

వచ్చింది. కర్మలన్నీ అయిపోయిన వారంలో వచ్చింది. మేము ఆదోనిలోనే ఉన్నాం. వ్యాను ఇంటిని ఆనుకునే ఉన్న కొట్టు ముందు ఆగింది. చెక్కపెట్టె మీద తమ్ముడి పేరు. వ్యాను డ్రైవరు, "సార్ ఫోనుకు ఓటీపీ వస్తాది, సెప్పండి" అన్నాడు. వాడి ఫోను బీరువాలో బట్టల మధ్య ఆపేసి ఉంది. చిన్నమ్మ లోపలికి వెళ్ళి తెచ్చింది. చార్జింగు పెట్టాక అది వెలిగే దాకా డ్రైవరు నీడలో నిలబడి నీళ్ళు తాగాడు. వెలిగాక ఆగిపోయి ఉన్న మెసేజీలన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. చిన్నాయన కళ్ళజోడు పెట్టుకుని వాటిల్లో వెతికి, ఆ అంకెల్ని ఒక్కొక్కటే పైకి చదివాడు. "సార్ యాడ ఉండారు?" అని డ్రైవరు మామూలుగా అడిగాడు. "కర్నూలుకు పోయినాడు" అన్నాడు చిన్నాయన.

పెట్టె దిగింది గానీ లోపలికి రాలేదు. ఆ రోజు శనివారం. శనివారం ఇనుము ఇంట్లోకి రాకూడదు. "ఇంగ ఈ ఇంటికి శని ఏం సేయాలని మిగిలిందో గానీ, నేనైతే రానీయను" అని చిన్నమ్మ గడపలో నిలబడింది. హమాలీలు పెట్టెను కొట్టు అరుగు మీదే పెట్టి పైన గోనె కప్పారు. చిన్నాయన ఆ రోజంతా గద్దె మీద కూర్చోలేదు, ఆ పెట్టె పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

ఆదివారం దాన్ని కొట్టు వెనక శాంపిల్ గదిలో దించారు. పత్తి నమూనాలు కాగితాల్లో చుట్టి అరల్లో పెట్టే గది అది. పెట్టె విప్పితే మిషన్ మొత్తం ఎర్రటి జిగట గ్రీజు పూసి ఉంది. తుప్పు పట్టకుండా కంపెనీవాళ్ళు పూసేది. మా ఆయన కిరోసిన్‌తో తుడవబోతే చిన్నాయన గుడ్డ లాక్కున్నాడు. "మీరు సెప్పండి అల్లుడా, నేను సేస్తా" అన్నాడు. ఆ రోజునుంచి వారాల తరబడి అదే పని. మేము ఎమ్మిగనూరు నుంచి బస్సులో వెళ్ళడం, మా ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పడం, పత్తి తప్ప ఏదీ ముట్టుకోని ఆ ముసలాయన చెయ్యడం. నేను వెళ్ళేది చిన్నమ్మకు తోడుగా. అయినా ఎక్కువసేపు శాంపిల్ గది గుమ్మంలో కూర్చునేదాన్ని.

చిన్నాయనను చూస్తే నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. మిషన్ను బల్లకు బిగించాక రసమట్టం పెట్టి చూడాలి. లేత్ కింది పొడవాటి ఇనుప దిమ్మె, దాన్ని పడక అంటారట, ఏ మూల కొంచెం ఎత్తుగా ఉన్నా లోపల మెలి పడుతుందట, అప్పుడు కడ్డీ ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా వస్తుందట. కాళ్ళ కింద పెట్టడానికి నూనె డబ్బా రేకు ముక్కలు కత్తిరించారు. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చిందని మా ఆయన అన్నా చిన్నాయన ఒప్పుకునేవాడు కాదు. "ఇంగో వెంట్రుక వాసి ఉండాది సూడండి" అని మళ్ళీ బోల్టు వదులు చేసేవాడు. కడ్డీని పట్టుకునే చక్‌కు మూడు దవడలుంటాయి. శుభ్రం చేద్దామని ఆయన మూడూ ఊడబెరికాడు, తిరిగి ఎక్కించబోతే అవి మధ్యలో కలవవు. ఒకటి ముందుకు, రెండు వెనక్కు. మిషన్ చెడగొట్టానని ఆయన ముఖం పాలిపోయింది. "దవడల మీద అంకెలు ఉండాయి మామా, ఒకటి రెండు మూడు వరసలో ఎక్కించాల" అని మా ఆయన అంటే, అంకెలు చూసుకుని, ఎక్కించి, మూడూ ఒక్కచోట కలిసినప్పుడు ఆయన కూర్చుండిపోయాడు. "వాడైతే ఈ తప్పు సేసుండడు" అన్నాడు.

నాకు బాగా గుర్తున్నది టూల్ బిగించిన రోజు. టూల్ మొన సరిగ్గా కడ్డీ నడిమి ఎత్తులో ఉండాలి. పైన ఉన్నా, కింద ఉన్నా సరిగ్గా కొయ్యదు. అది చూడటానికి మా ఆయన ఐటీఐలో నేర్పే పద్ధతి ఒకటుంది. కడ్డీకీ టూల్ మొనకూ మధ్య ఒక చిన్న స్టీలు స్కేలును పెట్టి మెల్లగా ఆనిస్తారు. టూల్ కిందికుంటే స్కేలు పైకొస మన వైపు వాలుతుంది, పైకుంటే అవతలికి వాలుతుంది. నిటారుగా నిలబడిందంటే సరిపోయినట్టు. చిన్నాయన టూల్ కింద రేకు ముక్క పెట్టడం, స్కేలు ఆనించడం, అది వాలడం, తియ్యడం, ఇంకా పలచని ముక్క పెట్టడం. పొద్దుటి కాఫీ చల్లారిపోయింది. ఆఖరికి స్కేలు నిటారుగా నిలబడింది. చిన్నాయన చెయ్యి తీసేశాడు. ఎవరూ పట్టుకోకుండానే అది అలా నిలబడి ఉంది. ఆయన గుమ్మం వైపు తిరిగి, "సూడు పాపా, సూడు" అని పిలిచాడు. తమ్ముడు పోయాక ఆయన గొంతులో ఉత్సాహం విన్నది ఆ ఒక్కసారే.

ఇక స్విచ్చి వెయ్యడమే మిగిలింది. దసరా దగ్గర పడింది. ఆయుధపూజకు ఆదోనిలో ప్రతి కొట్టూ, ప్రతి మిల్లూ మిషన్లకు బొట్టు పెట్టి దండలు వేస్తారు. చిన్నాయన ఇంట్లో ఆ ఏడాది పూజ లేదు. చావు జరిగిన ఇల్లు, ఏడాది నిండి ఏడూడు కర్మ అయ్యేదాకా కొత్తది ఏదీ మొదలు పెట్టకూడదని చిన్నమ్మ అంది. బొట్టు పెట్టకుండా మిషన్ తిప్పడానికి చిన్నాయనకూ చేతులు రాలేదు. "సరే, ఏడాది ఆగుదాం. వాని ఏడూడు రోజే తిప్పుదాం. మొదట రోలరే సేద్దాం" అన్నాడు. మా ఆయనకు ఈ పట్టింపులు గిట్టవు, అయినా మిషన్‌కంతా తనే నూనె పూశారు. "నూనె ఆరిపోకుండా నెలకోసారి సూసుకోండి మామా. పైన పాత గుడ్డ కప్పితే సాలు" అని చెప్పి వచ్చారు. ఆ కార్తీకంలో మా ఆయనకు మోకాలు ఆపరేషన్ అయింది. మంచం మీదే నెలలు గడిచాయి. తుపాను వానలు పట్టుకుని ఆ ఏడు పొలాల్లోనే పత్తి నల్లబడింది. ఆదోనికి మేము ఫోన్లు చెయ్యడమే గానీ పోవడం కుదర్లేదు. "మిషన్ ఎట్లుంది?" అని మా ఆయన అడిగితే, "బంగారం మాదిరి పెట్టినాను" అనేవాడు చిన్నాయన.

ఏడూడు రోజు పిండాలు, భోజనాలు అయ్యాక నలుగురం శాంపిల్ గదిలోకి వెళ్ళాం. చిన్నమ్మ కుంకుమ, టెంకాయ తెచ్చింది. బల్ల మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు తెల్లటి మూట ఒకటి ఉంది. ఆ సీజన్లో వచ్చిన మొదటి పత్తిని జిన్ను చేయించి, అందులో మేలైన దూది ఏరి, చిన్నాయన ఆ మిషన్ చుట్టూ దట్టంగా చుట్టి పైన ముతక గాడా గుడ్డ కుట్టించాడు. మా ఆయన ముఖం చూశాను. ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. గుడ్డ విప్పి దూది తీస్తే మొదటి పొర తెల్లగానే ఉంది. లోపలి పొర ఎర్రగా ఉంది. మిషన్ పడక మీద, చక్ మీద, ఆ రోజు నిటారుగా స్కేలును నిలబెట్టిన టూల్ మీద, అన్నిటి మీదా తుప్పు. కొన్నిచోట్ల ఇనుము గుంతలు పడింది.

"నేను నూనె పూసినాను కదా మామా" అన్నారు మా ఆయన.

"తుడిచినాను" అన్నాడు చిన్నాయన. "దూది సుట్టాలంటే నూనె ఎట్ల ఉంచేది అల్లుడా? మరక పడిన దూది ఎవురు కొంటారు?"

అన్నాక ఆయనకే ఆ మాట వినబడింది. అమ్మే దూది కాదది. కొనేవాడెవడూ లేడు. కానీ జీవితమంతా దూదికి నూనె మరక తగలకుండా కాపాడిన చెయ్యి, అలవాటు కొద్దీ ఇనుముకున్న నూనెనంతా తుడిచేసింది. ఆయన మెల్లగా ఆ ఎర్ర దూదిలోకి చెయ్యి దూర్చాడు, బోరెంలో దూర్చినట్టే, కళ్ళు మూసుకుని. అది అప్పటికి ఎండిపోయే ఉంటుంది. తడి తన పని చేసి వెళ్ళిపోయి చాలా రోజులైంది.

"కొత్త దూదిలో తడి ఉంటాదని నాకు తెలీదా" అన్నాడు. "దినామూ వచ్చి దీని ముందర కూసున్నా. దినామూ సూసినా. ఒక్కనాడన్నా సెయ్యి పెట్టి సూడలేదు." మాలో ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "వాని కాళ్ళు గూడా అంతే. సెప్పులు బిగుతైనాయి నాయనా అన్నాడు. ఒక సైజు పెద్దవి కొనిచ్చినాను. మళ్ళా బిగుతైనాయి అన్నాడు. మళ్ళా పెద్దవి కొనిచ్చినాను. వాపు అని తోసలేదు. నా పక్కనే గద్దె మీద కూసున్నోని కాలు ఒక్కనాడు పట్టుకోని సూడలేదు."

కొడుకు పోయినప్పుడు, దహనం నాడు, కర్మల్లో, ఎప్పుడూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. తల బల్లకు ఆనించి, ఆ తుప్పు చెంపకు అంటుకుంటున్నా పట్టించుకోకుండా ఏడ్చాడు. మా ఆయనకు ఏం చెయ్యాలో తోచక చక్ బిగించే తాళం చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చిన్నమ్మ కుంకుమ పళ్ళెం పక్కన పెట్టింది. "నీకొక్కనికేనా? ఉప్పు వాని పానం తీస్తాందని తెలీక, నేను దినామూ అన్నంలో ఊరగాయ ఏసినాను" అంది. అని, కొంగు నడుముకు దోపుకుని, కిరోసిన్ సీసా అందుకుని, ఆ తుప్పును రుద్దడం మొదలు పెట్టింది. శనివారం ఇనుమును గడప దాటనివ్వని మనిషి, ఆ సాయంత్రం దాకా ఆ ఇనుమును వదల్లేదు. టెంకాయ కొట్టలేదు. స్విచ్చి వెయ్యలేదు.

ఇప్పుడా లేత్ మా ఇంట్లో ఉంది. చిన్నాయనే పంపించేశాడు. మా ఆయన నెలల తరబడి కూర్చుని తుప్పంతా తీసి, మళ్ళీ రసమట్టం పెట్టి, టూల్ ఎత్తు సరిచేసి నిలబెట్టారు. గుంతలు మాత్రం పోలేదు. పనికి అవి అడ్డం కాదంటారు ఆయన. ఆ బొమ్మ మిల్లు తనే చేసిస్తానని మా ఆయన అడిగితే చిన్నాయన వద్దన్నాడు. "వాని సెయ్యి వానిదే అల్లుడా. ఉండనీ, నూనె మాత్రం ఆరనీయొద్దండి" అన్నాడు. ఆదోని కొట్టు నడుస్తూనే ఉంది. పత్తి వస్తుంది, చిన్నాయన గద్దె మీద కూర్చుంటాడు. బోరెంలో చెయ్యి మాత్రం పెట్టడు. గుమాస్తా మీటరు గుచ్చి అంకె చెప్తాడు, ఈయన తల ఊపుతాడు. పాత రైతులకు అది వింతగా ఉందట. మాకు ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యం ఎలా ఉందని ఆయన అడగడు. "నూనె పూసినారా?" అని అడుగుతాడు.

పరుపులాయన ఏకిన దూది కొత్త గలీబులో నింపి, కుట్టి, తన దబ్బనం జాగ్రత్తగా చొక్కాకు గుచ్చుకుని వెళ్ళిపోయాడు. నేను వెనక గదిలోకి వెళ్ళి చూశాను. మొన్ననే నూనె పూసిన మిషన్‌కు మా ఆయన మళ్ళీ పూస్తున్నారు, వేలితో ఆ గుంతల్లోకి అద్దుతూ. ఏడాది ఆగుదామని ఆ రోజు చిన్నాయన అన్నాడు, మేమూ సరే అన్నాం. ఆగింది మేమే, దూదిలోని తడి మాత్రం ఆ ఏడాదంతా తన పని తాను చేసుకుంటూనే ఉంది.